పాత ఇంటి చీకటిని కాపాడే ఫోటో

విజయవాడ, గుంటూరు కుటుంబాల పాత ఆల్బమ్‌లు తిరగేస్తే ఒక లోటు వెంటనే తెలుస్తుంది. మనుషులు ఉంటారు, ఇల్లు ఉండదు. తాతలు, మేనత్తలు, పెళ్లికూతుళ్లు, బారసాల బిడ్డలు అందరూ కెమెరా వైపు నిటారుగా చూస్తుంటారు. వాళ్లు పెరిగిన సావిడి, పడుకున్న పట్టె మంచం, సంధ్యవేళ దీపం పెట్టిన గూడు ఎక్కడా కనిపించవు. ఫోటో అంటే స్టూడియోకు వెళ్లి తీయించుకునేది కాబట్టి అలా జరిగింది. అక్కడ వెనక ఒక గుడ్డ తెర, దాని మీద రంగుల్లో గీసిన మేడ మెట్లు, స్తంభాలు, మడతలు పడ్డ పరదాలు. పక్కన ఒక చేతుల కుర్చీ, పూలకుండీ పెట్టిన స్టూలు. సొంత ఇల్లు ఎంత చక్కగా ఉన్నా, ఫోటోలో నిలవాల్సింది ఎవరూ కాపురం చేయని ఆ బొమ్మ మేడే అని రెండు మూడు తరాలు నమ్మాయి.

తరవాత ఫోటోగ్రాఫరే పెళ్లిళ్లకు ఇంటికి రావడం మొదలైంది. అయినా ఇల్లు దక్కలేదు. ఆ ఫోటోలు చాలావరకు కెమెరాకు బిగించిన ఫ్లాష్‌తో తీసినవి. ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. 4 అడుగుల దూరంలో కూర్చున్న పెళ్లికూతురి ముఖం తెల్లగా వెలిగితే, 12 అడుగుల దూరంలోని గోడకు అందేది అందులో తొమ్మిదో వంతు. వెనకనున్న దూలాలు, పటాలు, అటక మీది ఇత్తడి సామాను అన్నీ నల్లటి మసకలో కలిసిపోయేవి. ఇంటి లోపలి రూపం మనకు మిగిలింది ఫోటోల అంచుల్లో అనుకోకుండా పడిన ముక్కలుగానే. ఒకచోట తలుపు రెక్క, ఒకచోట సగం గడియారం, ఇంకోచోట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ ఎవరో పిల్లవాడు.

చేతిలో ఆధారం ఇంత తక్కువగా ఉన్నప్పుడు జ్ఞాపకం సొంతంగా కట్టడం మొదలుపెడుతుంది. పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోల కోసం వేస్తున్న మండువా (ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చోటు) సెట్లు, గోడకు తిరగలి తగిలించిన హోటళ్లు, అపార్టుమెంటు హాల్లో అలంకారంగా నిలిచిన రోలు, లాంతరు, కావిడి పెట్టె ఈ కోరికకు గుర్తులు. ఆ కోరికను తక్కువ చేయాల్సిన పని లేదు. పుట్టిన ఇల్లు పోయినవాళ్లకు కలిగే దిగులు నిజమైనది. కానీ వాటిని తీస్తున్న ఫోటోల్లో ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. సామాను పాతది, వెలుగు కొత్తది. లాంతరు మీద, గోడ మీద, మూల మీద, ముఖం మీద ఒకే తీరుగా పరుచుకున్న వెలుగులో ఏ వస్తువూ ఆ ఇంటికి చెందినట్టు అనిపించదు. పాత ఇంటిని పాత ఇల్లుగా నిలబెట్టింది సామాను కన్నా అందులోని వెలుతురు, ఇంకా సరిగా చెప్పాలంటే అందులోని చీకటి. ఆ చీకటిని దక్కించుకోవడమే ఫోటోగ్రాఫర్ దృష్టికి అసలు పరీక్ష.

ఆ చీకటి ఊరికే వచ్చింది కాదు. కృష్ణా తీరపు ఎండాకాలంలో కరెంటు పంకా లేని ఇల్లు నివసించదగ్గదిగా ఉండాలంటే ఎండను గుమ్మం బయటే ఆపాలి. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, కిందికి దిగిన చూరు, వీధి అరుగు మీద నీడ, ఇవన్నీ ఆ పనికే పుట్టాయి. గోడకు గానుగ సున్నం, నేలకు మాచర్ల వైపు నుంచి వచ్చిన నాపరాళ్లు. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల కూడా ఎంతో దూరం కాదు. కలిగినవాళ్ల ఇళ్లకు స్తంభాలు, దూలాలు బర్మా టేకువి. పైకప్పు కొన్ని ఇళ్లలో దూలాల మీద ఇటుక పేర్చి సున్నంతో గచ్చు చేసిన మిద్దె, మరికొన్నింట్లో పెంకులు. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెంకుల కార్ఖానా పెట్టాక, ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే ఆ బల్లపరుపు పెంకు తీరాంధ్రలోనూ నాటు గూన పెంకుల స్థానంలోకి వచ్చింది. పెంకుల మధ్య అక్కడక్కడ ఒక గాజు పెంకు అమర్చేవారు. ముఖ్యంగా వంటింట్లో, కొట్టుగదిలో. చీకటి గదిలోకి దాని గుండా దిగిన వెలుగు పలక పొద్దుతో పాటు నేల మీద జరుగుతూ పోతుంటే ఇంట్లో ఆడవాళ్లు వేళ చెప్పగలిగేవారు.

విజయవాడ వన్‌టౌన్‌లో బ్రాహ్మణ వీధి, శివాలయం వీధి పరిసరాల్లో, పాత గుంటూరు సందుల్లో ఇంకా నిలిచిన కొద్ది ఇళ్లను చూస్తే ఈ ఏర్పాటు తెలుస్తుంది. వీధిలోని ఎండ నుంచి అరుగు నీడలోకి, అక్కడి నుంచి సావిడి మసకలోకి, అది దాటగానే మళ్లీ మండువాలోని వెలుగులోకి, ఆ తరవాత వంటింటి చీకటిలోకి, చివరికి పెరటి పచ్చదనంలోకి. ఒక్క నడకలో కన్ను అయిదారుసార్లు సర్దుకోవాలి. మండువా లోగిలిలో ఉండే అందమంతా ఈ మారుతూ పోయే వెలుతురులోనే ఉంది. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉన్న ఇంట్లో వీధి గడప దగ్గర నిలబడితే ఈ మెట్లన్నీ ఒకేసారి కనిపిస్తాయి: నలుపు, తెలుపు, నలుపు, చివర పెరటి ఆకుల ఆకుపచ్చ ముక్క. ఈ ఒక్క చిత్రం సరిగా తీయగలిగితే ఇంటి గురించి సగం చెప్పినట్టే.

మండువాలో పడే ఎండకు కూడా ఒక క్రమం ఉంది. విజయవాడ భూమధ్యరేఖకు సుమారు 16.5 డిగ్రీల ఉత్తరాన ఉంది. కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, ఈ ఊరి నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు ఎండ మండువాలోకి నిట్టనిలువుగా దిగి, స్తంభాల నీడలను వాటి పాదాల కిందే ముడిచేస్తుంది. జూన్ చివరలో మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబరులో దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అప్పుడు ఎండ ఏటవాలుగా పడి ఉత్తరపు వసారా గోడ దాకా వెళుతుంది. చలికాలపు ఉదయం ముసలివాళ్లు మండువాలో ఏ మూలకు పీట వేసుకునేవారో ఈ లెక్కే చెబుతుంది. ఇల్లు తీయదలచినవాళ్లు కెమెరా కన్నా ముందు పంచాంగం చూసుకోవడం మంచిది. నిజంగానే మంచిది, ఎందుకంటే డిసెంబరులో దొరికే చిత్రం మే నెలలో ఎంత ఖర్చు పెట్టినా దొరకదు.

నేరుగా పడే ఎండ కన్నా దాని ప్రతిఫలనమే ఈ ఇళ్లలో ఎక్కువ పని చేస్తుంది. పాదాలతో, నీళ్లతో తరాల తరబడి నునుపెక్కిన నాపరాయి వెలుగును కింది నుంచి పైకి విసురుతుంది. అందుకే దూలాల అడుగుభాగం, స్తంభాల పైన చెక్కడపు బోదెలు కిందినుంచి వెలిగి కనిపిస్తాయి. సున్నంలో కాస్త నీలిమందు కలిపి కొట్టిన గోడ నీడలో చల్లటి తెలుపుగా, దీపం పక్కన వెచ్చగా మారుతుంది. చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలు, రాగి కాగు చీకటి గదిలో చిన్న చిన్న వెలుగు గుంటల్లా ఉంటాయి. వాటిని అలా వరసగా పేర్చిన గృహిణికి ఫోటోగ్రఫీ తెలియదు, కానీ తన వంటింట్లో వెలుగు ఎక్కడ నిలుస్తుందో తెలుసు.

ఇక్కడే కెమెరాకు చిక్కు వస్తుంది. వెలుగును కొలిచే లక్స్ లెక్కలో మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. అదే వేళకు వంటింటి మూలలో 50 లక్స్ కూడా ఉండకపోవచ్చు. రెండింటి మధ్య తేడా రెండు వేల రెట్లు, ఫోటోగ్రాఫర్ల లెక్కలో 11 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). కన్ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చూపు మార్చేటప్పుడు సర్దుకుంటుంది కాబట్టి మనకు ఆ తేడా ఇబ్బంది అనిపించదు. స్లైడ్ ఫిల్ముకు అయిదారు స్టాపులు దాటితే చేతకాదు. నెగెటివ్ ఫిల్ము మరికొంత నయం. ఈ కాలపు మంచి డిజిటల్ సెన్సర్ ఆ తేడా అంతా పట్టగలదు, కానీ పట్టినదంతా చూపించాలా వద్దా అన్న నిర్ణయం మనిషిది.

ఫోను ఆ నిర్ణయాన్ని మనకు వదలదు. మీట నొక్కిన క్షణంలో అనేక ఫ్రేములు తీసి, ఎండను తగ్గించి, నీడను లేపి, అన్నీ సమానంగా కనిపించేలా కలుపుతుంది. వీధిలో తీసే ఫోటోకు అది వరం. మండువా ఇంటికి మాత్రం నష్టం. మూలలన్నీ బూడిదరంగులోకి లేచి, సావిడికి వంటింటికి తేడా పోతుంది. వెలుగుకు రంగు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ కూడా అలాంటిదే. నీలిమందు చలువను, దీపపు వెచ్చదనాన్ని ఒకే తెలుపుకు తెస్తుంది. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ: పాత బల్బు వెలుగు సుమారు 2,700 కెల్విన్, పగటి వెలుగు సుమారు 5,500. రెండూ ఒకే గదిలో కలిసే సాయంత్రం వేళలో ఆ రెండింటి మధ్య ఉండే ఎడమే చిత్రానికి ప్రాణం. పగటి వెలుగుకు కెమెరాను కట్టిపెడితే బల్బు పసుపుగా మిగులుతుంది, మిగలాలి కూడా.

పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. ట్రైపాడ్ మీద కెమెరా, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) తక్కువ, కెమెరా సొంతంగా మార్పులు చేయని రా ఫైలు. ఎండ పడ్డ సున్నపు గోడలోని గరుకుతనం చెరిగిపోకుండా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు మోతాదు) పెట్టి, మూలలను వాటి చీకటికి వదిలేయడం. అర సెకను, ఒక్కోసారి రెండు సెకన్లు పడుతుంది. పడక కుర్చీలో కూర్చున్న పెద్దాయన అంతసేపు కదలకుండా ఉండగలరు, మనవరాలు ఉండలేదు, ఆమె పరుగు మసకగా పడితే పడనివ్వాలి. లెన్సు మిల్లీమీటర్లు తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది. ఫోనులోని ప్రధాన లెన్సు 35 ఎంఎం ఫిల్ము కెమెరా లెక్కలో దాదాపు 24 నుంచి 28 మిల్లీమీటర్లది, దానికన్నా వెడల్పు లెన్సు వాడితే చిన్న గది సభామండపంలా సాగుతుంది. 35 మిల్లీమీటర్ల దగ్గర ఆగి, గదంతా పట్టకపోయినా పట్టినంత నిజంగా పట్టడం మేలు. కెమెరాను పైకో కిందికో వంచకుండా సమంగా ఉంచితే స్తంభాలు నిలువుగా నిలుస్తాయి. ఎత్తు విషయం మరీ ముఖ్యం. ఈ ఇళ్లలో బతుకు పీట మీద, చాప మీద, గడప మీద సాగింది. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు నుంచి తీసినప్పుడు వెలితిగా కనిపించిన గది, పీట మీద కూర్చున్న ఎత్తు నుంచి నిండుగా కనిపిస్తుంది.

రంగు విషయంలో ఒక భ్రమను తొలగించుకోవాలి. గతం అనగానే ఫోటోను గోధుమరంగుకో ఎర్రబారిన పసుపుకో మార్చడం అలవాటైంది. గోధుమరంగు రసాయన చర్య ఫలితం: ప్రింటులోని వెండిని వెండి సల్ఫైడుగా మారిస్తే ప్రింటు ఎక్కువ కాలం మన్నుతుందని చేసేవారు. 1970ల నాటి రంగుల ఫోటోలు ఎర్రబారడానికి కారణం వేరు. అప్పటి చాలా ప్రింట్లలో సయాన్ (నీలి-ఆకుపచ్చ) రంగు ఆల్బమ్‌లో చీకట్లో ఉన్నా మిగతా రంగుల కన్నా ముందే వెలిసిపోయేది. ఆ ఇంటి గడప పచ్చగానే ఉండేది, తలుపులకు ముదురు ఆకుపచ్చో నీలమో పూసేవారు, పూజగది పటాల్లో రంగులు మెరిసేవి. కాగితానికి పట్టిన ముసలితనాన్ని ఇంటికి అంటగట్టడం ఆ ఇంటికి అన్యాయం.

ఇంటి లోపలిని గంభీరమైన విషయంగా తీసుకున్న ఫోటోగ్రాఫర్ల పని ఇక్కడ ఉపయోగపడుతుంది. అసలు ఫోటోగ్రఫీ మొదలైందే ఇంటి లోపల. ఫ్రాన్స్‌లో నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీ నుంచి బయటి కప్పులను తీశాడు. ఇంగ్లండ్‌లో టాల్బట్ 1835లో తన ఇంటి గదిలోంచి గాజు పలకల కిటికీని తీశాడు, మిగిలిన నెగెటివ్‌లలో అదే అతి పాతది. పారిస్‌లో యుజీన్ అట్జే 1910లో మామూలు ఇళ్ల గదులను మనుషులు లేకుండా తీసి ఒక ఆల్బమ్ చేశాడు. పక్క, పొయ్యి, బల్ల మీది సామాను చూసి అక్కడ ఉండే మనిషి పని, స్థితి ఊహించగలిగేలా ఉంటాయవి. ప్రాగ్‌లో యోసెఫ్ సుడెక్ 1940 నుంచి ఏళ్ల తరబడి తన స్టూడియో కిటికీ ఒక్కదాన్నే మంచులో, వానలో, చెమ్మగిల్లిన అద్దం గుండా తీస్తూ పోయాడు. మన దేశంలో దయానితా సింగ్ అలహాబాదులో నెహ్రూల ఇల్లు ఆనంద్ భవన్‌లోని ఖాళీ గదులను నలుపు తెలుపులో తీశారు. మనుషులు లేని ఆ గదుల్లో మనుషుల లేమి స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికా ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. 1936 వేసవిలో అలబామాలో కౌలు రైతుల ఇళ్ల లోపల ఆయన తీసిన చిత్రాల్లో చెక్క గోడ, దానికి గుచ్చిన గరిటెలు, ఒక తువ్వాలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. అంత తక్కువ సామానులో అంత క్రమం చూపించాడు. తీసేముందు వస్తువులను ఆయన జరిపాడా లేదా అన్న వాదన తరవాత చాలా నడిచింది. ఆ ప్రశ్న మన సెట్లకు కూడా వర్తిస్తుంది. ఇంట్లో ఉన్న కుర్చీని వెలుగు కోసం అడుగు పక్కకు జరపడం ఒకటి. ఆ ఇంట్లో ఎన్నడూ లేని గ్రామఫోనును బాడుగకు తెచ్చి పెట్టడం మరొకటి. రెండోది చూసేవాళ్ల జ్ఞాపకాన్ని కలుషితం చేస్తుంది.

ఎవాన్స్ గుర్తుచేసేది ఇంకొకటి ఉంది. ఎవరి ఇల్లు? మండువా లోగిళ్లు భూమి, వ్యాపారం, వృత్తి కలిగిన కొద్ది కుటుంబాలవి. అదే కాలంలో చాలామంది తాటాకు ఇళ్లలో, మట్టి గోడల మధ్య బతికారు. ఆ ఇళ్ల సెట్ వేసేవాళ్లు అరుదు. మండువా లోగిట్లో పనిచేసినవాళ్లకు సావిడి తెలియదు. వాళ్లు వచ్చింది దొడ్డి గుమ్మం నుంచి, నిలబడింది పెరట్లో, కొందరికి కులం పేరుతో అరుగు ఎక్కే వీలు కూడా లేదు. ఇంటివాళ్లలోనూ తేడా ఉంది. సావిడిలో కుర్చీ, గడియారం, పడక కుర్చీ మగవాళ్ల లోకం. అత్తాకోడళ్ల లోకం మసిపట్టిన వంటిల్లు, నూతి గట్టు, రుబ్బురోలు. కట్టెల పొగలో కళ్లు మండుతూ పాతికమందికి వండిన చోటును ఒట్టి బంగారు వెలుగులో ముంచి చూపిస్తే ఆ శ్రమ కనిపించకుండా పోతుంది. అందుకే వెలుగు లెక్క అందం లెక్కతో ఆగదు. వంటింటి చీకటిని లేపేసిన ఫోటో ఒక నిజాన్ని చెరిపేస్తుంది. పొయ్యి పైన గోడకు పట్టిన మసి ఆకారం, రోలు చుట్టూ అరిగిన నేల, గడప మధ్యలో పడిన పల్లం, ఇవి అక్కడ బతికినవాళ్లు వదిలిన రాత. కెమెరా కనీసం కొన్నిసార్లు దొడ్డి గుమ్మం నుంచి లోపలికి రావాలి.

జ్ఞాపకాల ఇల్లు కూడా తరానికి తరానికి మారుతోంది. ఇప్పుడు యాభైల్లో ఉన్నవాళ్లలో చాలామంది పెరిగింది మండువాలో కాదు. విజయవాడ సత్యనారాయణపురంలోనో గవర్నరుపేటలోనో అద్దె వాటాల్లో, గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో డాబా ఇళ్లలో. మొజాయిక్ గచ్చు, ఎర్ర సిమెంటు అంచు, నల్లటి గుండ్రటి స్విచ్చులు, చెక్క పట్టీల మీద పాకిన వైర్లు, అద్దం తలుపు బీరువా, నలుగురికి ఒకటే కుళాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక రేడియో ఇంట్లో పెద్దమనిషి స్థానం సంపాదించుకుంది; కుట్టుపూల గుడ్డ కప్పి ఎత్తయిన పలక మీద నిలబెట్టేవారు. దాని పైన, గోడ చివరన, ముందుకు వంగి వేలాడే పెద్దల ఫోటోలు. ఈ ఇళ్ల వెలుగు వేరు, ట్యూబులైటు ఆకుపచ్చ ఛాయ వేరు. వీటికి ఇంకా ఎవరూ సెట్లు వేయడం లేదు కాబట్టి ఎవరూ తీయడమూ లేదు. మండువా ఇళ్ల విషయంలో జరిగిన పొరపాటే వీటికీ జరగబోతోంది. బిల్డరుకు ఇచ్చిన డాబా ఇల్లు కొన్ని వారాల్లో నేలమట్టమవుతుంది, ద్వారబంధాలు పాత కలప దుకాణానికి వెళతాయి, మొజాయిక్ రాళ్లగుట్టలో కలుస్తుంది.

అందుకే ఇల్లు ఖాళీ చేయకముందు తీయాలి. సామాను లారీ ఎక్కాక తీసిన గదిలో గోడ మీద పటాల తెల్లటి చతురస్రాలు తప్ప ఏమీ ఉండవు. ప్రతి గదిని గుమ్మంలోంచి ఒకటి, ఎదుటి మూల నుంచి ఒకటి తీసి, తలుపు ఏ దిక్కుకో, నెల ఏదో, వేళ ఎంతో రాసిపెట్టాలి. ఉన్న పాత ప్రింట్ల అంచులను కూడా పెద్దవి చేసి చూడాలి, స్కాన్ చేసేటప్పుడు ముఖం చుట్టూ కత్తిరించకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లను ముంచినప్పుడు నీటి ముందు ఆల్బమ్ ఎంత బలహీనమైనదో ఊరంతటికీ గుర్తొచ్చింది. తడిసి అతుక్కున్న ప్రింట్లను ఎండిపోయాక బలవంతంగా విడదీస్తే బొమ్మ చిరుగుతుంది. చల్లటి శుభ్రమైన నీటిలో నానబెట్టి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. స్కాన్ చేసిన కాపీ ఇంకో ఊళ్లో ఉండే కుటుంబ సభ్యుల దగ్గర కూడా ఒకటి ఉంచాలి.

ఇంకొక పని చాలామంది మరిచిపోతారు. మన ఇళ్లలో గిన్నెలు, చెంబులు, బిందెల మీద పేర్లు చెక్కించే అలవాటు ఉంది. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, ఊరు, కొన్నిటి మీద పెళ్లి తేదీ. ఏ ఇత్తడి గంగాళం ఏ కోడలితో ఏ ఏడాది ఆ ఇంటికి వచ్చిందో చెప్పే దస్తావేజు అది. ఎదురుగా వెలుగు వేసి తీస్తే మెరుపులో అక్షరాలు మాయమవుతాయి. దీపాన్ని పక్కకు, లోహానికి దాదాపు ఆనేంత కిందికి దించితే చుక్కల రాతలోని ప్రతి గుంటలో నీడ పడి పేరు చదవడానికి వస్తుంది. గది ఫోటో పక్కన ఆ ఫోటోను కూడా పెట్టి, ఆ బిందె ఏ మూల ఉండేదో రాయాలి.